రోమన్ లాయరు సిసిరో వాదించిన మర్డర్ కేసులో అసలు హంతకుడెవరు?

రోమ్ హిస్టరీ తెలిసినవాళ్లు కాస్త హెల్ప్ చేయండి. క్రీ.పూ. 80లో సిసిరో వాదించిన సెక్స్టస్ రోషియస్ కేసు చదువుతున్నా, బుర్ర తిరిగిపోతోంది. రోషియస్ తండ్రి రాత్రి విందు నుంచి వస్తుంటే రోమ్‌లో స్నానశాలల దగ్గర చంపేశారు, కొడుకేమో అమెరియా అనే సొంతూళ్లో పొలాలు చూసుకుంటున్నాడు, అయినా కేసు కొడుకు మీదే, రుజువైతే సంచిలో పెట్టి కుట్టేసి నీళ్లలో పడేయడమే శిక్ష. 60 లక్షల సెస్టర్స్‌ల (రోమన్ నాణేలు) ఆస్తిని అప్పట్లో రోమ్‌ని ఏలుతున్న సుల్లా మనిషి క్రిసోగోనస్ 2 వేలకే కొట్టేశాడట! చావు కబురు రాత్రికి రాత్రే 56 మైళ్లు బండి మీద పోయింది, అదీ కొడుకింటికి కాదు, వీళ్లకి అస్సలు పడని అదే ఇంటిపేరోడు కాపిటో ఇంటికి. నా డౌటంతా అక్కడే. కొడుకు నిర్దోషిగా బయటపడ్డాడు సరే, తర్వాత ఈ కాపిటోని ఎవరైనా విచారించారా, పొలాలు తిరిగొచ్చాయా? సిసిరో ప్రసంగం కాకుండా (ఆయన లాయరు కదా, తన క్లయింట్ వైపే చెప్తాడు) వేరే ఆధారం ఏమైనా ఉంటే చెప్పండి ప్లీజ్.