పాస్ శాతం తక్కువని బడి మార్చేయాలా?

అరిలోవ ఇడ్లీ బండి:
మాది విశాఖలో అరిలోవ. పొద్దున్న ఇడ్లీ బండి నడుపుతాను, మా ఆయన హార్బర్‌లో కలాసీ. మా గుంటడు ఎనిమిది అయిపోయి తొమ్మిదిలోకి వెళ్తున్నాడు. చదివేది సర్కారు బడే. మొన్న టెన్త్‌లో ఆ బడి నుంచి 52 మంది రాస్తే 35 మందే పాసయ్యారు. మూడు కిలోమీటర్ల అవతల ఇంకో సర్కారు హైస్కూలు ఉంది, అక్కడ ఒకరిద్దరు తప్ప అందరూ పాసట. ఇక బండి దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ "ఇంకా అక్కడే ఉంచావేటమ్మా, టీసీ తెచ్చుకో" అంటున్నారు. పక్కింటావిడ ఇంకో మాట కూడా అంది. "ఆ బడికి వచ్చేదంతా కూలోళ్ల పిల్లలు, ఒడియావాళ్ల పిల్లలు, ఇంకెలా పాసవుతారు?" అని. మేమూ కూలోళ్లమే కదండీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మావాడికి లెక్కలు బాగానే వస్తాయి, ఇంగ్లీషంటేనే భయం. బడి మారిస్తే రోజూ రెండు ఆటోలు ఎక్కాలి. ఆ శాతం చూసి బడి మంచిదో కాదో నిజంగా తెలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక నాన్న:
ఆలోచించకుండా మార్చేయండి. మా అమ్మాయిని నేను మార్చాను, ఇప్పుడు టెన్షన్ లేదు. తొమ్మిది దాటితే ఎవరూ చేర్చుకోరు, అప్పుడు ఏడ్చి లాభం లేదు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
అమ్మా, తొందరపడకండి. నేను హుకుంపేటలో తొమ్మిదేళ్లు, ఆ తర్వాత విశాఖలోనే పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. ఈ శాతాల మీద నాకు పాత కోపం ఉంది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

రెండు బడులు అనుకోండి, ఒక్కోదాంట్లో వంద మంది. ఇది నేను కల్పించిన లెక్క. మొదటి బడిలో 80 మందికి ఇంట్లో చదువు చెప్పేవాళ్లున్నారు, 20 మందికి లేరు. ఆ 80లో 76 మంది, ఈ 20లో 12 మంది పాసయ్యారు. మొత్తం 88. రెండో బడిలో తిరగేసి ఉంది. ఇంట్లో చెప్పేవాళ్లున్నది 20 మందికే, వాళ్లు 20కి 20 పాస్. మిగతా 80లో 56 మంది పాస్. మొత్తం 76. బోర్డు మీద 88, 76 అని రాస్తే మొదటిదే గొప్ప బడి. కానీ ఇంట్లో దిక్కులేని పిల్లలు మొదటి దాంట్లో నూటికి 60 మంది గట్టెక్కితే, రెండో దాంట్లో 70 మంది గట్టెక్కారు. చదువుకున్న ఇంటి పిల్లల్లోనూ రెండోదే ముందుంది. మీవాణ్ని మీరు ఏ బడిలో వేస్తారు?

ఇది ఊరికే చెప్పే లెక్క కాదు, మన జిల్లాకే జరిగింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకుముందు విశాఖ జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి, నేను పనిచేసిన హుకుంపేట, అన్నీ కలిపి 11 ఏజెన్సీ మండలాలుండేవి. అవన్నీ అల్లూరి జిల్లాలోకి పోయాయి, నర్సీపట్నం వైపు అనకాపల్లిలోకి పోయింది. మనకి నగరం, భీమిలి వైపు మిగిలాయి. పాత విశాఖ అంకె పక్కన కొత్త విశాఖ అంకె పెట్టి "జిల్లా మెరుగుపడింది" అంటే నాకు నవ్వొస్తుంది. పిల్లలే వేరయితే పోలిక ఎక్కడిది?

రాష్ట్రం అంకెలూ చూడండి. 2020, 2021లో కరోనా వల్ల పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఒక్క ఏడాదిలో 14 శాతం పైకెక్కి, మరుసటి ఏడు ఐదు శాతం దిగిందంటే అదంతా మాస్టార్ల చలవో, మాస్టార్ల తప్పో అని నేననుకోను. 2025లో ఆడపిల్లలు 84.09, మగపిల్లలు 78.31. అదే బడి, అదే బల్లలు. మార్చి వచ్చేసరికి క్లాసులో మగపిల్లలు పల్చబడటం నేను కళ్లారా చూసినవాణ్ని. ఒకడు మెకానిక్ షెడ్డుకి పోతాడు, ఒకడు క్యాటరింగ్‌కి పోతాడు.

ఇంకొకటి. నూటికి నూరు చెప్పుకునే చోట తొమ్మిదో తరగతి రోల్ ఎంత, టెన్త్ రాసింది ఎంత అని అడగండి. వెనకబడ్డవాణ్ని తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపేసే బడులు నాకు తెలుసు. ఆ పిల్లలంతా మీవాడి బడి లాంటి చోటికే చేరతారు.

పార్వతీపురం టీచరు, ఇప్పుడు మధురవాడలో:
మాస్టారి లెక్క సరైనదే, కానీ నాకో అభ్యంతరం ఉంది. స్టాఫ్ రూముల్లో ఈ మాటే రోజూ వింటుంటాను, "మన పిల్లల బ్యాక్‌గ్రౌండ్ అలాంటిది, ఏం చేస్తాం" అని. అన్నాక ఇక ఎవరూ ఏమీ చెయ్యరు.

మా పార్వతీపురం మన్యం జిల్లాలో జాతాపులు, సవరలు ఉన్నారు, కొండల మీద ఊళ్లు. టెన్త్‌లో 2023లో రాష్ట్రంలో మొదటి స్థానం, 87.47. 2024లో మళ్లీ మొదటిదే, 96.37. 2025లోనూ మొదటిదే, 93.90. అదే 2025లో అల్లూరి జిల్లా 47.64తో ఆఖరున ఉంది. అదీ గిరిజన జిల్లానే, ఇదీ గిరిజన జిల్లానే. కులం, ఇంటి ఆదాయం చూసి ఫలితం చెప్పేయొచ్చంటే ఈ రెండు అంకెలకి ఏం జవాబు చెప్తారు? దీనికి ఒక్క కారణం ఉందని నేననను. కానీ పక్కింటావిడ మాట మాత్రం తప్పని దీన్నిబట్టే చెప్పొచ్చు.

మీరు హెచ్‌ఎం గారి దగ్గరికి వెళ్లి, తప్పిన 17 మంది ఏ సబ్జెక్టులో తప్పారో అడగండి. మొత్తం శాతం కంటే అది పనికొస్తుంది. అందరూ ఒకే సబ్జెక్టులో పోతే అక్కడ మాస్టారు లేడని అర్థం. ఆరు సబ్జెక్టులూ పోయినవాళ్లుంటే వాళ్లు బడికే రాలేదని అర్థం.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
టీచరమ్మ చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను సాకు చెప్పమనలేదు, పోలిక సరిగ్గా పెట్టమన్నాను. అయినా స్టాఫ్ రూములో ఆ మాట నేనూ అన్నవాణ్నే. దాచుకోవడం ఎందుకు.

గాజువాక నాన్న:
ఇంత లెక్క నాకు తెలీదు సార్. మా అమ్మాయి కొత్త బడిలో తొమ్మిదో తరగతి రోల్ ఎంతో రేపు అడుగుతా.

అరిలోవ ఇడ్లీ బండి:
నిన్న బండి తొందరగా కట్టేసి వెళ్లాను. హెచ్‌ఎం గారు మొదట విసుక్కున్నారు గానీ కూర్చోబెట్టి రిజిస్టర్ చూపించారు. 17 మందిలో పదకొండుమంది ఒక్క ఇంగ్లీషులోనే పోయారు. ఇంగ్లీషు పోస్టు జూలై నుంచి సంక్రాంతి దాకా ఖాళీట, సోషల్ మేడమే ఆ పీరియడ్ చూసుకున్నారట. మిగతా ఆరుగురిలో నలుగురు సైట్ పనికి వచ్చినవాళ్ల పిల్లలు. పని అయిపోగానే అమ్మానాన్నలతో వెళ్లిపోయి పరీక్షలకి తిరిగొచ్చారు. ఆ నలుగురికీ ఇంట్లో ఒడియా. అందులో ఒకడికి లెక్కల్లో 71 వచ్చిందని చూపించారు.

ఇప్పుడు ఇంగ్లీషుకి కొత్త మేడం వచ్చారు. ఉంటారా అని అడిగితే "ట్రాన్స్‌ఫర్లు నా చేతిలో లేవమ్మా" అన్నారు. మావాణ్ని ఇప్పటికి అక్కడే ఉంచుతున్నాను. జూలైలో ఆ కుర్చీ మళ్లీ ఖాళీ అయితే మాత్రం కమిటీ మీటింగ్‌లో నేనే లేచి అడుగుతాను. మాస్టారూ, సాయంత్రం నాలుగు దాటాక బండి దగ్గర ఖాళీగానే ఉంటాం, మీరు అటువైపు వస్తే మావాడి లెక్కల పుస్తకం ఒకసారి చూస్తారా?