ధనుర్మాసం వాకింగ్, కొత్త బెల్లం, నూనెలో విచ్చిపోయే అరిసెలు

అలిపిరి_నడక:
తెల్లారుజామున కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు నడుస్తుంటే దారంతా తీపే గుర్తొస్తోంది. ముగ్గుల్లో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడి పూలు, బండ్ల మీద చెరకు, గెనుసుగడ్డలు, కొట్లలో కొత్త బెల్లం. అరిసెలు చేద్దామంటే నూనెలో వేయగానే విచ్చిపోతున్నాయి. తప్పు పాకానిదా, పిండిదా? అర కిలో బియ్యానికి లెక్క చెప్పండి. గంటలో అయ్యే తీపి ఇంకేదైనా ఉంటే అదీ చెప్పండి.

పాకంపట్టు:
విచ్చిపోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది లేత పాకాన్నే. అయినా పిండి దగ్గర్నుంచే సరిచూసుకోండి.

పాత బియ్యమే తీసుకోండి. 24 గంటలు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకుంటే పుల్లటి వాసన పడుతుంది. వడగట్టి బట్ట మీద కాసేపు ఆరబెట్టి, చెమ్మ ఉండగానే మర పట్టించండి. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చెయ్యి మాత్రం తడవకూడదు. జల్లించి, గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచండి. ఆరిపోయిన పిండితో చేస్తే అంచులు పగులుతాయి.

బెల్లం 350 గ్రాములు, అది మునిగీ మునగనంత నీళ్లు. కరగగానే వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. చల్లనీళ్ల గిన్నెలో చుక్క వేస్తే పరుచుకుపోతోందా, ఇంకా లేతే. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టి, నీళ్లలోంచి ఎత్తినా జారకుండా నిలిస్తే అదే అదను. ఆ ఉండ గిన్నెకు తగిలి టంగుమంటే ముదిరిపోయినట్టు, ఇక అరిసెలు రాళ్లే.

దించేసి రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, పిండిని కొద్దికొద్దిగా కలపండి. చలిమిడి గరిట నుంచి బరువుగా జారుతుండగానే ఆపేయాలి, చల్లారాక ఎలాగూ గట్టిపడుతుంది. పిండి మిగిలితే మిగలనివ్వండి, కొలిచాం కదా అని అంతా పోసేయొద్దు. ముందు ఒక్కటి వేసి చూడండి. విచ్చితే గుప్పెడు తడిపిండి కలిపితే సరిపోతుంది. మంట మధ్యస్థంగా ఉండాలి. తీయగానే రెండు గరిటెల మధ్య నూనె వత్తేయాలి.

గానుగ_గట్టు:
బెల్లం గురించి ఒక మాట. చలికాలానికి చెరకు పండి రసంలో తీపి పెరుగుతుంది, ఈ నెలల బెల్లానికి ఆ వాసన అందుకే. పసుపుగా మెరిసేదాన్ని చూసి మురిసిపోవద్దు, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేస్తుంటారు. ముదురు గోధుమ రంగుది తీసుకోండి. విరిస్తే లోపల పలుకు కనిపించాలి. జిగటగా సాగే బెల్లం పాకానికి పనికిరాదు. నాలుకకు ఉప్పగా తగిలితే అక్కడే వదిలేయండి.

నెయ్యి_చెంచా:
గంటలో కావాలంటే గెనుసుగడ్డలే. కుక్కర్లో విజిల్స్ పెట్టకుండా సన్నసెగ మీద ఆవిరికి పెట్టండి. మెల్లగా వేడెక్కితే గడ్డలోని పిండిపదార్థం తీపిగా మారడానికి సమయం దొరుకుతుంది. మందంగా చక్రాలు కోసి, రెండు చెంచాల బెల్లం పాకంలో తిప్పి, పైన నెయ్యి వేస్తే చాలు.

లేదా చక్కెర పొంగలి. తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఈ నెలకు దాన్ని మించింది లేదు. 27వ పాశురం, కూడారై, మోచేతి దాకా నెయ్యి కారాలంటుంది, కాబట్టి నెయ్యి దగ్గర పిసినారితనం వద్దు. గ్లాసు బియ్యం, పావు గ్లాసు వేయించిన పెసరపప్పు, గ్లాసున్నర బెల్లం. అన్నం పూర్తిగా మెత్తబడ్డాకే బెల్లం వేయాలి, ముందే వేస్తే మెతుకు బిరుసుగా ఉండిపోతుంది. పాలు పోసేవాళ్లు అన్నం ఉడికేటప్పుడే పోసి ఇగరనివ్వాలి. మరుగుతున్న పాలల్లో బెల్లం పడితే విరుగుతాయి.

అలిపిరి_నడక:
చాలా సంతోషం అండీ. చలిమిడి రాత్రికి కలిపి ఉంచి పొద్దున వండొచ్చా?

పాకంపట్టు:
ఉంచండి, ఇంకా బాగా కుదురుతాయి. పైన నెయ్యి రాసి మూత పెట్టండి, ఫ్రిజ్ అక్కర్లేదు. పొద్దున గట్టిగా అనిపిస్తే నీళ్లు చల్లొద్దు, చేతికి నెయ్యి రాసుకుని మర్దన చేస్తే మెత్తబడుతుంది.