వానాకాలంలో తెల్ల లేసు మీద గోధుమ రంగు చుక్కలు, ఎలా ఆపాలి?

నమస్తే అండీ, మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ముస్లిం, క్రైస్తవ ఆడవాళ్లం కలిసి లేసు సంఘం నడుపుకుంటున్నాం. ఎవరింట్లో వాళ్లు పువ్వులు అల్లి తెస్తే, ఒకచోట అతికి టేబుల్ క్లాతులు చేసి అమ్ముతాం. 2024లో మన లేసుకి జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది కదా, సరుకు అందుకు తగ్గట్టే ఉండాలని మా పట్టుదల.

శ్రావణం వచ్చేసరికి, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసి పాలిథిన్ కవర్లో పెట్టినవాటి మీద మూడు నాలుగు వారాల్లో ఆవగింజంత గోధుమ రంగు చుక్కలు పడుతున్నాయి, అదీ ఎక్కువగా మడతల్లో, అతుకుల దగ్గర. గంజి పెట్టని ముక్కలకి తక్కువే. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండేస్తే లేతబడ్డాయి గానీ పోలేదు. బ్లీచింగ్‌కి దారం పుటుక్కున తెగిపోతోంది. కర్పూరం వేశాం, ఇనప బీరువాలోంచి చెక్కపెట్టెకి మార్చాం, ఫలితం లేదు. ఒక్క చుక్కకి క్లాతు మొత్తం వెనక్కొస్తోంది, అల్లినావిడ ఒక్కర్తే మునిగిపోకూడదని ఆ నష్టం అందరం పంచుకుంటున్నాం, కానీ ఎన్నాళ్లని?

మన డెల్టా చెమ్మలో తెల్ల నూలు లేసుని రెండు మూడు నెలలు మచ్చ పడకుండా దాచేవాళ్లు గంజి ఎప్పుడు పెట్టి, దేంట్లో చుట్టి దాస్తున్నారో చెప్తారా?