అప్‌డేట్: వర్కర్ థ్రెడ్‌లో హ్యాండ్లర్ ఎందుకు పలకలేదో తెలిసింది

మొన్న నేను అడిగింది ఇదీ: మా సీ లైబ్రరీలో స్టాక్ ఓవర్‌ఫ్లో అయితే (ఫంక్షన్లు నడవడానికి థ్రెడ్‌కి ఇచ్చిన మెమరీ నిండిపోతే) మెయిన్ థ్రెడ్‌లో సిగ్నల్ హ్యాండ్లర్ (ఇలాంటి తప్పు జరిగినప్పుడు నడిచే మా ఫంక్షన్) లాగ్ రాస్తోంది, వర్కర్ థ్రెడ్‌లో మాత్రం ఒక్క ముక్క రాయకుండా ప్రోగ్రామ్ ఆగిపోతోంది.

కారణం దొరికింది. హ్యాండ్లర్ ప్రాసెస్ మొత్తానికీ ఒక్కటే. కానీ హ్యాండ్లర్ నడవడానికి విడిగా సిగ్‌ఆల్ట్‌స్టాక్ (sigaltstack) కాల్‌తో పెట్టే ఆల్టర్నేట్ స్టాక్ ఏ థ్రెడ్‌ది దానిదే, పీథ్రెడ్ క్రియేట్‌తో పుట్టిన కొత్త థ్రెడ్‌కి అది రాదు. నేను లైబ్రరీ మొదలయ్యే ఇనిట్‌లో ఆ కాల్‌ని ఒక్కసారి పిలిచి ఊరుకున్నాను. వర్కర్ స్టాక్ నిండిపోయాక హ్యాండ్లర్‌ని నడపడానికి చోటే లేదు, కెర్నల్ ప్రాసెస్‌ని చంపేసింది.

ఇప్పుడు ప్రతి థ్రెడ్ మొదట్లో ఆల్టర్నేట్ స్టాక్ ముందే ఉందేమో చూసి, లేకపోతేనే మాది పెడుతున్నాం. అప్లికేషన్ వాళ్లు పెట్టుకున్నదాన్ని లైబ్రరీ తీసేయడం అన్యాయం. థ్రెడ్ ముగిసేటప్పుడు ముందు ఎస్ఎస్ డిసేబుల్ (SS_DISABLE) ఫ్లాగ్‌తో ఆ స్టాక్ వాడకం ఆపడం, తర్వాతే దాని మెమరీ ఫ్రీ. ఈ వరస తిరగేసి రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

ఈ ఆల్టర్నేట్ స్టాక్ సైజు కూడా చూసుకోండి. ఏవీఎక్స్-512 (చాలా పెద్ద రిజిస్టర్లు వాడే సూచనలు) ఉన్న ప్రాసెసర్లలో సిగ్నల్ వచ్చినప్పుడు రిజిస్టర్లు దాచడానికే పాత కనీసం 2048 బైట్లు చాలవు. గ్లిబ్‌సీ (లినక్స్‌లో సీ లైబ్రరీ) 2.34 నుంచి కనీసం ఎంత సైజు కావాలో సిస్‌కాన్ఫ్ (sysconf) ఫంక్షన్ చెబుతుంది, మేమూ దాన్నే అడుగుతున్నాం.