మిషిగన్‌లో జర్మన్ల వారసులు, ఇరాకీల వారసులు: ఈ పోలిక ఎంతవరకు న్యాయం?

ట్రాయ్_రమణ:

అందరికీ నమస్కారం. మేము డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాం. మా అమ్మాయికి హైస్కూల్లో సోషల్ స్టడీస్ ప్రాజెక్టు ఇచ్చారు. మిషిగన్‌కు వలస వచ్చిన ఏవైనా రెండు దేశాల వాళ్లను తీసుకుని, వాళ్ల వారసులు చదువులో, సంపాదనలో, ఇళ్లు కొనుక్కోవడంలో ఇప్పుడు ఎక్కడున్నారో పోల్చి రాయాలి. తను జర్మన్లను, ఇరాకీలను ఎంచుకుంది. క్లాసులో తన ఇద్దరు దగ్గరి స్నేహితురాళ్లవి ఆ కుటుంబాలే.

సెన్సస్ లెక్కలు తీసి చూశాం. జర్మన్ మూలాలు రాసుకున్నవాళ్ల ఇంటి ఆదాయం దేశం మొత్తం మీద ఉన్నదానికంటే కాస్త పైన ఉంది. ఇరాకీ మూలాల వాళ్లది బాగా కింద, పేదరికమూ ఎక్కువ. ఆఫీసులో ఈ మాట వస్తే మనవాడే ఒకాయన, "అది కల్చర్ అండీ. జర్మన్లు కష్టపడే జాతి. మన తెలుగువాళ్లనే చూడండి, ఇరవై ఏళ్లలో ఎక్కడికి వచ్చామో" అన్నాడు. అమ్మాయి ఆ మాటే ముగింపుగా రాసేస్తానంటోంది. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకో దానికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. వారెన్, స్టెర్లింగ్ హైట్స్ వైపు ఉండేవాళ్లు ఎవరైనా కాస్త చెప్తారా?

ఫార్మసీ_పద్మ:

రమణ గారూ, ఆ ఒక్క వాక్యం మాత్రం రాయనివ్వకండి. నేను స్టెర్లింగ్ హైట్స్‌లో ఫార్మసిస్టుని. మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు. వాళ్ల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ముందు ఒక మనిషి సంగతి చెప్తాను. మా దగ్గర టెక్నీషియన్‌గా ఒకాయన పనిచేసేవారు. మోసుల్‌లో ఆయనకి సొంత మందుల షాపు ఉండేది. ట్రేలో మాత్రలు ఐదేసి చొప్పున జరుపుతూ లెక్కపెట్టే వేగం చూస్తే చాలు, ఆ చేతికి ఎన్నేళ్ల అలవాటో తెలిసిపోయేది. ప్రిస్క్రిప్షన్‌లో డోసు తేడాగా ఉంటే నాకన్నా ముందు ఆయనే పట్టేవారు. పట్టినా, డాక్టరుకి ఫోన్ చేసి మార్పించాల్సింది మాత్రం నేనే, ఎందుకంటే లైసెన్సు నాది. ఆయన జీతం నా జీతంలో మూడో వంతు కూడా ఉండేది కాదు.

నేను కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చేశాను, నాలుగేళ్ల కోర్సు. విదేశాల్లో చదివినవాళ్లు 2003కి ముందు పాసై ఉంటే నాలుగేళ్ల డిగ్రీతోనే ఇక్కడి అర్హత పరీక్ష రాయనిస్తారు, ఆ తర్వాత పాసైతే ఐదేళ్ల చదువు ఉండాలి. ఇరాక్‌లో ఫార్మసీ డిగ్రీ ఐదేళ్లది. అంటే ఆయన నాకన్నా ఒక ఏడాది ఎక్కువే చదివారు. మరి ఎక్కడ ఆగిపోయారు? డిగ్రీ కాగితాలు యూనివర్సిటీ నుంచే నేరుగా రావాలి, మనం చేత్తో పట్టుకెళ్లి ఇస్తే చెల్లవు. నావి మా తమ్ముడు వరంగల్‌లో ఫీజు కట్టి పంపించే ఏర్పాటు చేశాడు. ఆయన చదివింది మోసుల్ యూనివర్సిటీలో. 2014 జూన్‌లో ఐసిస్ ఆ ఊరిని పట్టుకుంది. 2017 జనవరిలో క్యాంపస్ వాళ్ల చేతిలోంచి బయటపడేసరికి లైబ్రరీ కాలిపోయి ఉంది. ఆ రెండున్నరేళ్లలో ఆయన కాగితాలు ఎవరు పంపుతారు చెప్పండి? ఇటు చూస్తే ఇంట్లో ఐదుగురు. శరణార్థులకు విమానం టికెట్ కూడా అప్పే, దిగిన ఆరు నెలలకు వాయిదాలు కట్టడం మొదలుపెట్టాలి. ఆయన టెక్నీషియన్ ఉద్యోగంలో చేరిపోయారు. చివరికి కాగితాలు వచ్చాయి, కానీ అప్పటికి ఆయనకి యాభై దాటింది. పరీక్షలన్నీ రాసి, ఇంటర్న్‌షిప్ గంటలు పూర్తిచేసే ఓపిక తనకు లేదన్నారు.

సెన్సస్ పట్టికలో ఆయన ఇరాకీల వరుసలో ఆ వరుసను కిందికి లాగుతారు. నేను ఇండియన్ల వరుసలో పైకి లాగుతాను. మా ఇద్దరికీ మధ్య ఉన్న తేడా కల్చర్ అని ఎవరన్నా నేను ఒప్పుకోను. మనలో ఎక్కువమంది ఎఫ్1 మీదో హెచ్1బీ మీదో వచ్చాం. చదువు ఉన్నవాళ్లను, ఉద్యోగం సిద్ధంగా ఉన్నవాళ్లను వీసానే జల్లెడ పట్టి పంపింది. మన ఊళ్లలో మిగిలిపోయిన బంధువులను కూడా లెక్కలో కలిపితే మన సగటు ఎక్కడుంటుందో మీ కొలీగ్‌ని అడగండి.

ఇక జర్మన్లు. వాళ్లు 1683లోనే ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్ కట్టుకున్నారు. మనమంతా క్రిస్మస్ లైట్లు చూడ్డానికీ, చికెన్ డిన్నర్‌కీ వెళ్లే ఫ్రాంకెన్‌ముత్‌ని బవేరియా నుంచి వచ్చిన లూథరన్లు 1845లో మొదలుపెట్టారు. 1880లలో, ఆ ఒక్క దశాబ్దంలోనే, 14 లక్షల మందికి పైగా జర్మన్లు అమెరికాలో దిగారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం పౌరసత్వం తీసుకుంటానని రాసిచ్చిన వలసదారులకు కూడా, ఐదేళ్లు ఉండి సాగుచేస్తే 160 ఎకరాలు దాదాపు ఉచితం. (ఆ భూములు అంతకుముందు ఎవరివో, వాళ్లను ఎలా వెళ్లగొట్టారో కూడా మీ అమ్మాయి ఒక పేరా రాస్తే బాగుంటుంది.) నూటయాభై ఏళ్ల నాడు పొలంతో మొదలైన కుటుంబాన్నీ, టికెట్ అప్పుతో మొదలై పదేళ్లయిన కుటుంబాన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే ఏం తేలుతుంది?

అప్పట్లో జర్మన్లను కష్టపడే జాతి అని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. వీళ్లు మనలో కలవరు, పెన్సిల్వేనియాను జర్మన్ల కాలనీ చేసేస్తారు అని 1751లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడే రాశాడు. 1855లో లూయివిల్‌లో ఎన్నికల రోజు జర్మన్ల మీద, ఐరిష్ వాళ్ల మీద మూక దాడిచేస్తే కనీసం 22 మంది చచ్చిపోయారు. 1918 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ రాష్ట్రం కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రాగర్ అనే జర్మన్ గని కార్మికుడిని గూఢచారి అంటూ చెట్టుకు ఉరేశారు. నెబ్రాస్కాలో చిన్న క్లాసుల పిల్లలకు జర్మన్ నేర్పడమే నేరం చేశారు. ఆ చట్టాన్ని 1923లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ రోజు ఇరాకీల గురించి వినే మాటలు ఇంచుమించు ఇవే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లు పేర్లు మార్చుకున్నారు, జర్మన్ పత్రికలు చాలావరకు మూతపడ్డాయి, బయటివాళ్లతో పెళ్లిళ్లు జరిగాయి. 2020 సెన్సస్‌లో సుమారు 4.5 కోట్ల మంది జర్మన్ మూలాలు రాసుకున్నారు. అందులో ఎంతోమందికి ఐరిష్, ఇంగ్లిష్, పోలిష్ మూలాలు కూడా ఉన్నాయి. కాబట్టి అక్కడ మీకు కనిపించే ఆదాయం ఒక కమ్యూనిటీది కాదు, మిడ్‌వెస్ట్‌లోని మామూలు తెల్లవాళ్ల ఆదాయం. అదే సెన్సస్‌లో ఇరాకీలు 2 లక్షల పైచిలుకు, అందులో చాలామంది ఇరాక్‌లోనే పుట్టినవాళ్లు.

మీ అమ్మాయి నిజంగా ఏదైనా తెలుసుకోవాలనుకుంటే ఇరాకీలను ఇరాకీలతోనే పోల్చమనండి. డెట్రాయిట్ ఇరాకీల్లో ఎక్కువమంది కాల్డియన్ క్రైస్తవులు, మోసుల్ దగ్గర తెల్‌కెప్పె అనే ఊరి నుంచీ, దాని చుట్టుపక్కల నుంచీ వచ్చినవాళ్లు. మొదటివాళ్లు 1910లు, 20లలోనే వచ్చి కిరాణా షాపులు పెట్టారు. 1965లో వలస చట్టం మారాక బంధువులను పిలిపించుకున్నారు. 1967 అల్లర్ల తర్వాత పాత యజమానులు డెట్రాయిట్ వదిలి వెళ్తుంటే వాళ్ల షాపులు వీళ్లు కొన్నారు. డెట్రాయిట్‌లోని సెవెన్ మైల్ రోడ్డు నుంచి సౌత్‌ఫీల్డ్‌కి, అక్కడి నుంచి వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌కి, ఇలా సబర్బ్‌లకు జరిగారు. అక్కడ షెనాండోవా కంట్రీ క్లబ్ వాళ్లదే. వాళ్ల మనవల్లో లాయర్లు, డాక్టర్లు, బిల్డర్లు ఎంతమందో. 2007 తర్వాత శరణార్థులుగా వచ్చినవాళ్లదీ అవే ఊళ్లు, అదే చర్చి, అదే సురెత్ భాష. కానీ వాళ్లు దిగేసరికి, 2009లో, మిషిగన్ నిరుద్యోగం 14 శాతం, జీఎం, క్రైస్లర్ దివాలా కోర్టులో ఉన్నాయి. ఒకే జనం, రెండు ఫలితాలు. కల్చర్ మారలేదు కదా, మరి మారిందేమిటి అని అమ్మాయినే అడగండి.

గ్యాస్‌స్టేషన్_మురళి:

పద్మ గారూ, చాలా బాగా రాశారు. కానీ కల్చర్ పూర్తిగా లేదంటే నేను ఒప్పుకోను. నేనూ ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి డెట్రాయిట్ ఈస్ట్ సైడ్‌లో ఒక కాల్డియన్ పెద్దాయన దగ్గర స్టోర్ కొన్నాం. ఆయన దాన్ని తన బావమరిది దగ్గర కొన్నాడట, బ్యాంకు లోన్ లేదు, నోటిమాట మీద వాయిదాలు. పొద్దున ఆయన, మధ్యాహ్నం భార్య, స్కూలు అయ్యాక పిల్లలు, రాత్రి పినతండ్రి కొడుకు. బయటివాడికి జీతమిచ్చే పనే లేదు. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం వెనక, వారానికి ఏడు రోజులు. దోపిడీల్లో తన చుట్టాల్ని పోగొట్టుకున్నాడు కూడా. అలా పోయినవాళ్లు ఆ కమ్యూనిటీలో చాలామందే ఉన్నారు. అంత తెగువ, ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం అందరిలో ఉంటాయా?

ఇంకో మాట. ఆ షాపుల చుట్టూ ఉండేది నల్లవాళ్లు. పెద్ద సూపర్‌మార్కెట్లు వెళ్లిపోయాక వాళ్లకు గతి ఈ షాపులే. మా దగ్గర డబ్బు తీసుకుని మీరు సబర్బ్‌లో ఇళ్లు కట్టుకుంటున్నారని వాళ్ల బాధ. అది నేను కౌంటర్ దగ్గర రోజూ వింటాను, అబద్ధం అనలేను. ప్రాజెక్టులో అదీ రావాలి.

ఫార్మసీ_పద్మ:

మురళి గారూ, మీ రెండో మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను వదిలేసిన ముఖ్యమైన సంగతి మీరు చెప్పారు.

మొదటిదాని గురించి. నమ్మకం ఉంటేనే ఆ వ్యాపారం నడిచింది, అది నాకూ తెలుసు. కానీ నోటిమాట మీద షాపు ఇచ్చే బావమరిది ఇక్కడ ముందే ఉండాలిగా! మా టెక్నీషియన్ కాల్డియన్ కాదు, మోసుల్ ముస్లిం. ఇక్కడ ఆయనకి షాపున్న చుట్టం ఒక్కరూ లేరు. తెగువ ఆయనకేం తక్కువ? ముగ్గురు పిల్లల్ని పట్టుకుని రాత్రికి రాత్రి కుర్దుల ప్రాంతంలోని ఎర్బిల్ దాకా వెళ్లినవాడు. ఆయన పెద్దమ్మాయి ఇప్పుడు ఫార్మ్‌డీ చేస్తోంది, సమ్మర్‌లో మా దగ్గరే ఇంటర్న్‌గా చేసింది.

ఇలాంటి పిల్లల గురించి రాన్ అబ్రమిట్జ్కీ, లీయా బూస్టాన్ అనే ఆర్థికవేత్తలు పాత సెన్సస్ రికార్డుల్లో తండ్రుల్నీ కొడుకుల్నీ జతచేసి చూశారు. 1880ల నాటి వలసల్లోనూ, ఈ కాలం వలసల్లోనూ, దాదాపు ఏ దేశం నుంచి వచ్చినవాళ్లయినా సరే, పేద వలసదారుల పిల్లలు అదే ఆదాయమున్న ఇక్కడివాళ్ల పిల్లల కంటే పైకి వెళ్తున్నారని తేల్చారు. తండ్రి ఏ మెట్టు మీద నిలబడ్డాడని కాకుండా, పిల్లలు అక్కడి నుంచి ఎన్ని మెట్లు ఎక్కారని చూడాలి.

స్టుట్‌గార్ట్_లావణ్య:

నేను జర్మనీలో ఉంటాను కాబట్టి చిన్న మాట. ఇక్కడా ఇరాకీలు చాలామందే ఉన్నారు, ముఖ్యంగా యెజిదీలు (ఉత్తర ఇరాక్‌లోని ఒక మైనారిటీ మతం వాళ్లు). ఐసిస్ చెరలోంచి బయటపడ్డ సుమారు వెయ్యిమంది ఆడవాళ్లను, పిల్లలను మా బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రమే 2015లో ప్రత్యేకంగా పిలిపించింది. 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిన నాదియా మురాద్ అలా వచ్చినవారే. ఇక్కడ పద్ధతి వేరు. ముందు 600 గంటల భాష క్లాసులు, ఆ తర్వాతే ఉద్యోగం మాట. విదేశీ డిగ్రీలను పోల్చిచూసే చట్టం 2012 నుంచి ఉంది. మొదటి మూడు నాలుగేళ్లు లెక్కల్లో అంతా నిరుద్యోగమే కనిపించింది, పత్రికల్లో ఒకటే గోల. 2015లో వచ్చిన శరణార్థుల్లో, అన్ని దేశాలవాళ్లనూ కలిపి, ఏడెనిమిదేళ్లకు మూడింట రెండొంతుల మంది దాకా ఉద్యోగాల్లో చేరారు. ఆడవాళ్లు మాత్రం మగవాళ్లకన్నా చాలా వెనక. పాప ఏ సంవత్సరం లెక్క తీసుకుంటుందో దాన్నిబట్టి జవాబు మారిపోతుంది రమణ గారూ.

ట్రాయ్_రమణ:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ఇరాకీ స్నేహితురాలికి ఫోన్ చేసి మీరెప్పుడు వచ్చారని అడిగింది. వాళ్ల తాతగారు 1974లో వచ్చారట, అమ్మమ్మ వాళ్లవైపు మాత్రం 2010లో సిరియా మీదుగా శరణార్థులుగా వచ్చారట. ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయని దానికి ఒకటే హుషారు. ప్రాజెక్టు మళ్లీ మొదలుపెట్టింది. ఇంకో సందేహం: స్కూలు ఫారాల్లో ఇరాకీలు "వైట్" గడిలోనే ఉన్నారట. అలాంటప్పుడు మన జిల్లాలో వాళ్ల పిల్లల చదువు లెక్కలు విడిగా ఎక్కడ దొరుకుతాయి?

ఫార్మసీ_పద్మ:

విడిగా దొరకవు రమణ గారూ, అదే అసలు చిక్కు. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు వేరే గడి పెట్టాలని ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించింది 2024 మార్చిలోనే. ఇప్పటిదాకా ఉన్న స్కూలు లెక్కల్లో ఫ్రాంకెన్‌ముత్ పిల్లలూ, మొన్న దిగిన మోసుల్ పిల్లలూ ఒకే గడిలో ఉన్నారు. స్టెర్లింగ్ హైట్స్‌లో 15 మైల్ రోడ్డు మీద కాల్డియన్ కమ్యూనిటీ ఫౌండేషన్ ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ క్లాసులు, ఉద్యోగాల సాయం అన్నీ అక్కడే. ముందు ఫోన్ చేసి, ప్రాజెక్టు కోసమని చెప్పి, అమ్మాయిని తీసుకెళ్లండి. స్నేహితురాలి అమ్మమ్మగారు ఒప్పుకుంటే ఆవిడనూ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.