అప్‌డేట్: సంతలో కొన్న గౌను కుర్తీ అయింది

పోయిన నెల అడిగాను కదా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో 150 రూపాయలకు కొన్న నీలం కాటన్ గౌను మరీ వదులుగా ఉంది, ఏం చేయాలని. కత్తెర పెట్టేముందు ఉతికి చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్. ఉతికితే పొడవు అంగుళంన్నర తగ్గింది! ముందే కత్తిరించి ఉంటే గుడ్డ పాడయ్యేది.

నడుము దగ్గర కుచ్చులు విప్పితే బోలెడంత గుడ్డ బయటపడింది. కుర్తీకి అదే సరిపోయింది. మెడ కింద వచ్చే ముక్కకి (యోక్‌కి) అమ్మ పాత పోచంపల్లి ఇక్కత్ చీర కొంగు వేశాను. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. పైవైపు వెలిసిపోయింది, అందుకే తిరగేసి కుట్టాను. ఎంత బాగా వచ్చిందో! పాత నేత కదా, చిరగకుండా లోపల లైనింగ్ కూడా వేశాను.

టెన్షన్ పెట్టింది చంకలే. చెయ్యి ఎత్తితే పట్టేసేది. మా వీధిలో కుట్టే అక్క చెప్పినట్టు మిగిలిన గుడ్డలోంచి నలుచదరపు ముక్క కోసి చంక కింద అతికిస్తే సర్దుకుంది. పైపింగ్, గుండీలు జనరల్ బజార్‌లో 90 రూపాయలయ్యాయి.

నిన్న వేసుకుని అమ్మకు చూపించాను. కొంగు గుర్తుపట్టి, చాలాసేపు దాన్ని చేత్తో నిమురుతూ కూర్చుంది.