అప్‌డేట్: లెడ్‌కి సంక్షిప్త ఎలక్ట్రాన్ విన్యాసం ఇప్పుడు అర్థమైంది

సంక్షిప్త విన్యాసం అంటే లోపలి ఎలక్ట్రాన్ల బదులు బ్రాకెట్‌లో ఒక జడవాయువు పేరు రాసి, మిగిలినవి ఏ ఉపస్థాయిలో (4ఎఫ్, 6ఎస్ లాంటివి) ఎన్ని ఉన్నాయో పైన చిన్న అంకెతో చూపించడం. లెడ్ లాంటి పెద్ద మూలకాలకు బ్రాకెట్‌లో ఏ జడవాయువు రాయాలి, 4ఎఫ్ ఎక్కడ పెట్టాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మూలకానికి ముందు పీరియడ్ (ఆవర్తన పట్టికలో అడ్డు వరుస) చివర ఉన్న జడవాయువునే తీసుకోవాలి అన్న మాటతో సగం టెన్షన్ పోయింది. లెడ్ పరమాణు సంఖ్య 82, ముందున్నది జినాన్, 54. మిగిలిన 28 ఎలక్ట్రాన్లనే పంచాలి: [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్² 6పి². జినాన్‌లో 4ఎఫ్ ఖాళీ కాబట్టి దాన్ని విడిగా చూపించాల్సిందే. అయోడిన్‌కి ఆ గొడవే లేదు: [క్రిప్టాన్] 4డి¹⁰ 5ఎస్² 5పి⁵. చివర్లో అన్నీ కూడి పరమాణు సంఖ్యతో సరిచూసుకోమన్న సలహా నాకు బాగా పనికొచ్చింది.

అయితే కూడిక సరిపోయినంత మాత్రాన విన్యాసం సరైనదని కాదు. క్రోమియానికి [ఆర్గాన్] 3డి⁴ 4ఎస్² అన్నా మొత్తం 24 వస్తుంది, కానీ నిజానికి ఉండేది 3డి⁵ 4ఎస్¹. కాపర్ 3డి¹⁰ 4ఎస్¹. పెల్లేడియం ఇంకా వింత, [క్రిప్టాన్] 4డి¹⁰ అంతే, 5ఎస్‌లో ఒక్క ఎలక్ట్రానూ ఉండదు! ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదనిపిస్తోంది.

అయాన్ల గురించి కూడా ఒకరు చెప్పారు. ఐరన్ [ఆర్గాన్] 3డి⁶ 4ఎస్². రెండు ఎలక్ట్రాన్లు పోతే ముందు ఖాళీ అయ్యేది 4ఎస్, మిగిలేది [ఆర్గాన్] 3డి⁶. నింపేటప్పుడు 4ఎస్ ముందు రాసే అలవాటున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చూసుకోండి.